పోశక్క వేరు పొయ్యి

పోశక్కకు ఒళ్లు మండిపోయింది. గంపలో పడున్న చేపల్ని చూసిన కొద్దీ ఇంకా మండింది. ఒక్కొక్కదాని కడుపూ గుడ్లతో ఉబ్బి ఉంది.

సిరొంచకు అవతల, అడవి అంచునున్న ఆ చెరువు ఊళ్లో ఒక కట్టు ఉంది. తొలి వాన పడ్డాక దసరా దాకా ఎవరూ వల ముట్టరు. దసరాకు ఊరంతా కలిసి వలలేసి, పొయ్యికొక వాటా చొప్పున పంచుకుంటారు. ఎండబెట్టుకుంటే ఏడాదంతా అదే కూర. ముందే వలేసినవాళ్ల పొయ్యికి మాత్రం ఆ ఏడు వాటా లేదు.

మొగుడు ఐలన్నకు ఇది తెలియదా? పుట్టిందే ఆ గట్టు మీద! కానీ ఎనభై నాలుగో సంవత్సరం వానాకాలంలో, అడవి చూడాలని నాగపూర్ నుంచి వచ్చిన గోపాల్‌రావు దంపతులు తన వాకిట్లో జీపు దిగేసరికి మొగుడుగారి కాళ్లు నేల మీద నిలవలేదు. "ఏం గాలి! ఏం నీళ్లు! ఆ తామరలు చూడు! అదృష్టవంతులయ్యా మీరు, ఇక్కడే గుడిసె వేసుకుని ఉండిపోవాలనుంది" అని గోపాల్‌రావు హిందీలో పొగుడుతుంటే, చెరువు తనే తవ్వించినట్టు ఐలన్న ఉబ్బిపోయాడు. ఇంత దూరమొచ్చి చేప తినకుండా పోతారా అని వల భుజాన వేసుకున్నాడు. సాబుగారు వద్దనలేదు. ఇది చేపలు పట్టే కాలమేనా అని అడగనూ లేదు.

ఇప్పుడు అతిథులిద్దరూ అరుగు మీద కూర్చుని వేపుడు కోసం చూస్తున్నారు.

"నీ బుద్ధి గడ్డి తిన్నదా? ఏడాది కూర ఒక్కపూట ముచ్చటకు పారబోస్తివి!" అంది పోశక్క.

"మెల్లగ మాట్లాడవే, సాబ్ ఇంటడు. ఎవ్వలు సూడలే. గుట్టుగ వండు."

గుట్టుగా! ఆ మాటకు ఆమెకు కోపంతో కళ్లు కనబడలేదు. గంప నెత్తికెత్తుకుని అతిథుల ముందునుంచే నడిచి, ఊరి పెద్ద సాంబన్న వాకిట్లో దబ్బున దించింది. ఆ నడక ఎంత బాగుందోనని గోపాల్‌రావు భార్య వెనకనుంచి ఫోటో కూడా తీసింది, మహాతల్లి.

సాంబన్న గంపలోకి చూసి తల దించుకున్నాడు. "కట్టు నీకెర్కే గదా బిడ్డా. మీ పొయ్యికి ఈ యేడు వాటా లేదు."

"ఆ పొయ్యికి వద్దే వద్దు బాపు. జర నా ఎంబడి రా."

ఆమె తన వాకిట్లో మూడు రాళ్లు పెట్టి, పోగైన జనమంతా చూస్తుండగా నిప్పు రాజేసింది.

"ఇగ ఇది నా పొయ్యి. నేను వల ముట్టలే, చేప వండలే. పొయ్యికొక వాటా అన్నరు పెద్దలు, మొగనికొక వాటా అనలే. దసరాకు నాది నాకెయ్యాలె."

"అట్లనే ఏస్తం బిడ్డా" అన్నాడు సాంబన్న.

"మరి నేనేం తినాలె?" అన్నాడు ఐలన్న, జీపు వైపు నడుస్తున్న అతిథుల్ని చూస్తూ.

"నీ పొయ్యి లోపటున్నది గదా, ముట్టించుకో."

దసరాకు పోశక్క వాటా ఆమె గంపలోనే పడింది. బరువుగా ఉందని ఐలన్న సాయానికి చెయ్యి చాచాడు.

"ముట్టకు" అంది పోశక్క.