మీసం కొసన పెట్రోలు

పొలిక్సేని రోజూలాగే తెల్లారకముందే లేచింది. మేకల పాలు పితికింది. విరిచిన పాలను గుడ్డలో వడగట్టి మూట కట్టి వేలాడదీసింది. కాఫీ పొంగించి ఒక కప్పు మొగుడి ముందు పెట్టింది.

ఆ రోజు మంగళవారం. పన్నెండున్నరకి దీవిలోని ఎవ్దిలోస్ రేవు నుంచి అవతలి ఒడ్డున ఉన్న పిరయస్ పట్నానికి ఓడ ఉంది. అది తప్పితే మళ్ళీ శనివారమే. పిరయస్‌లో కూతురు అర్గిరోకి ఎనిమిదో నెల. పది రోజులుగా దాని దగ్గర్నుంచి కబురు లేదు. పొలిక్సేని రెండుసార్లు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

"బండిలో పెట్రోలుందా?" అని అడిగింది.

"నిన్ననే నింపించాను," అన్నాడు స్తమాటిస్, పేపర్లోంచి తలెత్తకుండా.

వంటింట్లో పెట్రోలు వాసన గుప్పుమంది. అయితే నింపించే ఉంటాడనుకుంది ఆమె. ఇరవై ఆరేళ్ళ కాపురం చేసి కూడా అలా అనుకుంది.

స్తమాటిస్ అబద్ధమాడితే పెట్రోలు వాసన వస్తుంది. అబద్ధం పెద్దదైతే మీసం కొసల నుంచి చుక్కలు కారతాయి. ఊళ్ళో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. అతను కాఫీ కొట్టులోకి వస్తే పక్క బల్లల వాళ్ళు సిగరెట్లు నలిపేస్తారు. పాపాలు ఒప్పుకోవడానికి చర్చికి వెళితే ఫాదర్ ముందుగా కొవ్వొత్తులు ఆర్పేస్తాడు. మేకల ఫోటిస్ అయితే లైటర్లో పెట్రోలు అయిపోయినప్పుడల్లా అతని పక్కన చేరి, ఈ ఏడు ద్రాక్ష ఎంత దిగిందని అడుగుతాడు. రెండు మాటల్లో లైటర్ నిండుతుంది.

ఊరికి అది ఒక గంటసేపటి సంగతి. పొలిక్సేనికి అలా కాదు. ఆ వాసనలో వండింది, ఆ వాసనలో పడుకుంది. దిండు గలీబులు మూడుసార్లు ఉడకబెట్టినా అది పోదు. పైగా బండిని వానకి తడవకుండా వంటింటి గుమ్మంలోనే పెడతాడు. ఏ వాసన బండిదో ఏది మనిషిదో ఆమె ముక్కు ఎప్పుడో తేల్చుకోవడం మానేసింది.

పదింటికి బయల్దేరారు. అది రెండు చక్రాల ఎర్రటి చిన్న బండి. ఊరంతా దాన్ని బాతుపిల్ల అంటారు. వెనక కూర్చున్న పొలిక్సేని ఒళ్ళో ఒక బుట్ట. అందులో మేకజున్ను, తేనె సీసా, ఉతికి మడతపెట్టిన పాత పొత్తిగుడ్డలు. కొండ మీద చిన్న చర్చి దాటి, రెండు మలుపులు తిరిగాక బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"ఏమైంది?"

"ఏం లేదు. ఇంజన్ వేడెక్కింది."

ఇక్కడ వంటిల్లు లేదు. సముద్రం మీది గాలి వీస్తోంది. అంత గాలిలోనూ ఆ వాసన విడిగా, స్పష్టంగా వచ్చి ఆమె ముక్కుకి తగిలింది. పొలిక్సేని దిగి సీటు పైకెత్తింది. కింద ట్యాంకు మూత తిప్పి లోపలికి చూసింది. అడుగున తుప్పు తప్ప ఏమీ లేదు.

"నింపించానన్నావు."

"నింపించాను. రాత్రి ఎవడో దొంగతనం చేసుంటాడు."

మీసం కుడి కొస నుంచి ఒక చుక్క జారి చొక్కా మీద పడింది. అతను దాన్ని చేత్తో తుడుచుకుని, ఆ చెయ్యి ప్యాంటుకి రాసుకున్నాడు.

రేవు ఇంకా పదకొండు కిలోమీటర్లు. వేసవి జనం వెళ్ళిపోయారు, వాళ్ళతోపాటే బస్సూ ఆగిపోయింది. అరగంట నిలబడితే ఒక్క కారు రాలేదు. చివరికి ఎదురుగా గాడిద మీద ఫోటిస్ వచ్చాడు. తెరిచిన ట్యాంకు చూశాడు, స్తమాటిస్ మీసం చూశాడు. నోట్లో సిగరెట్ తీసి చెవి వెనక పెట్టుకున్నాడు.

"బావి పక్కనే నిలబడి దాహం అంటున్నారేంటమ్మాయ్?" అన్నాడు.

పొలిక్సేనికి ఆ మాటతో ఉపాయం తట్టింది. మొగుడి మెడ పట్టుకుని ట్యాంకు మీదికి వంచింది. అబద్ధాలు చెప్పమంది. అతను చెప్పాడు. తను కప్పనన్నాడు, ఈ దీవికి రాజునన్నాడు, సముద్రం తియ్యగా ఉంటుందన్నాడు. మీసం పొడిగానే ఉంది.

"రావట్లేదేం బాబాయ్?" అంది ఫోటిస్ వైపు తిరిగి.

"ఎందుకొస్తుంది? ఎదుటివాళ్ళని నమ్మించాలని చెప్పినప్పుడే వస్తుంది. నువ్వు అడుగు. నిజంగా తెలుసుకోవాలని ఉన్నది అడుగు." గాడిదని అదిలించాడు ఫోటిస్. "నేనుంటే బాగోదు."

అతను మలుపు తిరిగేదాకా ఆగి, పొలిక్సేని చిన్నవాటితో మొదలుపెట్టింది. మేకల దొడ్డి తలుపు వేశావా అని అడిగింది. తేనె సీసా సగానికి ఎలా తగ్గిందని అడిగింది. ఒక్కో జవాబుకి రెండేసి చుక్కలు పడ్డాయి. ఇలాగైతే సాయంత్రానికి కూడా రేవు చేరరు. టైము పదకొండున్నర దాటింది.

ఇక పది రోజులుగా గొంతులో ఉన్నది అడిగింది.

"అర్గిరో ఫోన్ చేసిందా?"

"లేదు."

మీసం నుంచి సన్నటి ధార. ఖాళీ ట్యాంకు అడుగున అది టపటపమని పడింది.

"ఎప్పుడు? నేను మేకల దగ్గరికి వెళ్ళినప్పుడా?"

"చెయ్యలేదంటున్నాగా."

ధార ఆగలేదు.

"నన్ను రమ్మందా?"

"నిన్నెందుకు రమ్మంటుంది? వాళ్ళ అత్తగారుంది కదా దగ్గర."

"ఒంట్లో బాగాలేదందా?"

"బాగానే ఉంది. నవ్వుతూనే మాట్లాడింది."

నోరు జారి ఏమన్నాడో అతనికి తెలియలేదు. ఆమెకి తెలిసింది. ధార లావైంది. మీసం రెండు కొసల నుంచీ కారి, గడ్డం మీద కలిసి, ఎంగిలితో పాటు ట్యాంకులోకి దిగుతోంది. పొలిక్సేని చూపు తిప్పుకోవాలనుకుంది, తిప్పుకోలేదు.

"రక్తం కనిపించిందని చెప్పిందా?"

"లేదు."

ట్యాంకు సగానికి వచ్చింది. రేవుకి అది చాలు, రెండుసార్లు వెళ్ళి రావడానికి చాలు. మూత పెట్టెయ్యాలి. కానీ ఆమె ఇంకొకటి అడిగింది.

"ఎందుకు దాచావు?"

"నువ్వు కంగారు పడతావని. నీ గురించే."

అది ఎందుకు దాచాడో ఆమెకి తెలుసు. పొద్దున్నే కాఫీ కావాలి. మేకల పాలు పితకాలి. ఉతికిన చొక్కా కుర్చీ మీద ఉండాలి. నెలరోజులు ఇవన్నీ ఎవరు చేస్తారు? అంతే. అంతకన్నా పెద్ద దుర్మార్గం కూడా లేదక్కడ. దానికే ఆమెకి ఎక్కువ అసహ్యమేసింది.

స్తమాటిస్ తలెత్తి ఆమె మొహం చూశాడు. ఏం కనిపించిందో, భయపడ్డాడు. హ్యాండిల్ పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తెచ్చుకున్నాడు. ఎవరూ అడక్కుండానే అన్నాడు:

"నువ్వు లేకపోతే నేను బతకలేను, పొలిక్సేని."

పెళ్ళయిన కొత్తలో ఆ మాట కోసం ఆమె చాలా ఎదురుచూసింది. తర్వాత మరిచిపోయింది. ఇప్పుడు వచ్చింది. ట్యాంకు ఒక్కసారిగా అంచు దాకా నిండి పొంగింది. ఇంజన్ మీదుగా, చక్రం మీదుగా కారి రోడ్డు మీద మడుగు కట్టింది. ఆమె బూట్లు తడిశాయి.

పొలిక్సేని మూత బిగించింది. సీటు దించింది. బండిని మడుగు లోంచి పది గజాలు తోసుకెళ్ళి, బుట్టని వెనక సీటు మీద పెట్టి తాడుతో కట్టింది.

"మరి నేను?" అన్నాడు స్తమాటిస్.

"నడు. సాయంత్రం మేకలు అరుస్తాయి."

పెళ్ళికి ముందు ఆమె తన తండ్రి బండి మీద ఊరూరా జున్ను అమ్మింది. కాళ్ళు మరిచిపోలేదు. ఒక్క తన్నుకి బండి అందుకుంది.

ఓడ తలుపు ఎత్తుతుండగా బండితో సహా ఎక్కింది. అర్గిరో ఇంట్లో లేదు, తొమ్మిది రోజులుగా ఆసుపత్రిలో ఉంది. తెల్లకాగితంలా మంచానికి అతుక్కుపోయి ఉంది. మింగుడు పడదని ముద్ద ముట్టడం లేదట. అమ్మని చూసి చెయ్యి చాపింది, అమ్మ తినిపిస్తే తింది. గురువారం కడుపు కోసి బిడ్డని తీశారు. మీరు శనివారం ఓడకి వచ్చి ఉంటే అని డాక్టరమ్మ మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, పాప బరువు రాసుకుంది. తల్లీ పాపా ఇద్దరూ దక్కారు.

పొలిక్సేని మళ్ళీ దీవికి వెళ్ళలేదు. పిరయస్‌లో జున్ను రొట్టెలు చేసి పొద్దున్నే కొట్లకి వేస్తుంది. ఆ తర్వాత మనవరాలిని వెనక కూర్చోబెట్టుకుని బడిలో దింపుతుంది. ఎర్ర బండి రోజుకి ముప్ఫై కిలోమీటర్లు తిరుగుతుంది.

ఏడేళ్ళయింది. ఇంతవరకు ఆమె ఏ బంకులోనూ ఆగలేదు. ఆదివారాలు సీటు ఎత్తి, మూత తీసి చూస్తుంది. అంచు దాకా అలాగే ఉంటుంది. మూత బిగించి, లోపలికెళ్ళి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంటుంది.