ఏడో పేలుడు

మూడు దారులు కలిసే చోట తిరుపాలు సైకిల్ దిగి, స్టాండు వేసి, హ్యాండిల్‌కు తగిలించిన సంచీలోంచి గుప్పెడు ముగ్గుపిండి తీశాడు. ఎడమ చేత్తో మోకాలు పట్టుకుని వంగి, మట్టి మీద బాణం గుర్తు వేశాడు. గీత వంకర పోయింది. చెప్పుకాలితో చెరిపి మళ్ళీ వేశాడు. యాభై నాలుగేళ్ళ మీసాలాయన నడిదారిలో ముగ్గులేస్తుంటే గడ్డిమోపులతో పోయే ఆడవాళ్ళు నవ్వరా మరి? నవ్వారు. ఒకావిడ "చుట్టూ పూలు కూడా వెయ్యి మామా" అంది. తిరుపాలు తలెత్తలేదు. ప్రతి శనివారం ఈ నవ్వులు అతనికి అలవాటే.

సిటీ అంచున జిగణిలో అతనిది సైకిల్ షాపు. షాపంటే పంచర్లు వేసే రేకుల గూడు. రెండేళ్ళ కిందట, రెండువేల అయిదులో, మారతహళ్ళి నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు కొందరు దారి తప్పి, లావుపాటి టైర్ల సైకిళ్ళతో ఆ గూడు ముందు ఆగారు. తారురోడ్డు మీద తొక్కితే మజా లేదట, మట్టిదారులు, రాళ్ళదారులు కావాలట. మంచి రోడ్డుండగా గుంతలు వెతుక్కుంటూ తిరిగే మనుషుల్ని తిరుపాలు అప్పుడే చూశాడు. కానీ ఆనేకల్ దాకా ఉన్న ప్రతి బండిబాటా అతని కాళ్ళకు తెలుసు. పదహారో ఏటి నుంచి ఆ చుట్టుపక్కల రాతి క్వారీల్లో పనిచేసినవాడు. అప్పటినుంచీ ఆదివారం వాళ్ళు తొక్కబోయే దారికి శనివారమే గుర్తులు వేసి వస్తున్నాడు.

ఆ దారుల్లో చెరువులున్నాయి, నీలగిరి తోపులున్నాయి, మూతబడ్డ ఇటుక బట్టీలున్నాయి. పెద్ద క్వారీ ఒక్కటే లేదు. అది ఎదురైనప్పుడల్లా తిరుపాలు బాణం మూడు కిలోమీటర్లు చుట్టు తిరిగి పోయేది. ఎందుకని ఎవరూ అడగలేదు. మొన్న బుధవారం లలిత్ అడిగాడు. ఆ గుంపుకు పెద్ద అతనే. బెజవాడ పిల్లవాడు, మర్యాద తెలిసినవాడు.

"అన్నా, మ్యాప్‌లో చూశాను, ఆ క్వారీ నిండా నీళ్ళు, వ్యూ సూపర్! సండే నలభై మంది వస్తున్నారు. ఈసారి రూట్ అటునుంచే పెట్టెయ్, ప్లీజ్."

"ఆ దోవ బాగుండదప్పా."

"బాగోకపోతేనే కదన్నా మాకు కావాల్సింది!"

తిరుపాలు చివరికి సరేనన్నాడు. క్వారీకి పోయే దారిలో, అక్కడ తనతో పనిచేసిన జయరామప్ప ఇల్లుందని, ఆ గడప ముందు నిలబడే మొహం తనకు లేదని ఆ పిల్లవాడికి ఎలా చెబుతాడు?

తొంభై ఒకటిలో తిరుపాలు ఆ క్వారీలో ఈల ఊదే మనిషి. బండలో గుంతలు తొలిచి, మందు కూరి, వత్తి అంటించి అందరూ దూరంగా పరిగెత్తాక, పేలుళ్ళు లెక్కపెట్టడం అతని పని. ఎన్ని గుంతలకు మందు పెట్టారో అన్ని పేలుళ్ళూ వినబడితేనే పొడుగ్గా ఈల ఊదాలి. ఈల పడితేనే మనుషులు కిందికి దిగాలి. ఒక్కటి తక్కువైనా ఆ పూటకు ఎవరూ దిగకూడదు. ఆ రోజు ఏడు గుంతలు. ఆరోది పేలి, ఆ చప్పుడు ఎదురు బండకు తగిలి తిరిగొచ్చింది. తిరుపాలు దాన్ని ఏడోదనుకున్నాడు. ఎనిమిదేళ్ళు అదే పని చేసినవాడికి పేలుడుకూ దాని మారుమోతకూ తేడా తెలియదా? ఎందుకు తెలియదు, బ్రహ్మాండంగా తెలుసు. ఆకలి మీదున్నాడు, ఎండ మండుతోంది, చెవి పెట్టలేదు. అంతే. ఊదేశాడు. అందరికన్నా ముందు జయరామప్ప దిగాడు. ఏడోది అప్పుడు పేలింది.

ప్రాణం దక్కింది, కళ్ళు పోయాయి. ఆ పొద్దు జరిగిందేదీ జయరామప్పకు గుర్తులేదు. విచారణకు వచ్చిన ఆఫీసరు ముందు మేస్త్రీ "ఈల పడకముందే దిగినాడు సార్" అని తేల్చేసి, తిరుపాలు వైపు చూశాడు. తిరుపాలు తలూపాడు. ఈల విన్నవాళ్ళు ఉన్నారు గానీ, పని పోతుందని ఎవరూ నోరు మెదపలేదు. ఆ తలూపుడే ఊరందరికీ నిజమైంది. ఆస్పత్రిలో కళ్ళకు కట్లతో పడుకున్న జయరామప్పకు కూడా అదే చెప్పారు. అతను నమ్మాడు. తిరుపాలు ఆ నెలలోనే క్వారీ పని మానేశాడు.

ఈ శనివారం పదకొండు గంటలకు ఆ ఇంటి ముందుకు వచ్చాడు. గబగబా ఒక గీత గీసి పారిపోదామనే అనుకున్నాడు. జయరామప్ప గడప మీద కూర్చుని ఉన్నాడు. మనిషి సగమైపోయాడు. చెంపల మీద చర్మం లోపలికి దిగిపోయిన రాతి నలుసులు నల్లగా అలాగే ఉన్నాయి.

"ఎవురప్పా అది? సైకిల్ ఆపి సుమ్నే, పలక్కుండా నిలబడితే ఎట్ల?"

"నేనన్నా... తిరుపాలు."

"అడెడె! తిరుపాలా! ఎన్నేండ్లాయెరా నీ గొంతు విని! ఏం చేస్తాండావు ఈడ?"

"ముగ్గేస్తాండా."

జయరామప్ప పడీపడీ నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"క్వారీ ఎట్లుండాది?"

"నీళ్ళతో నిండిపోయుండాదన్నా."

"పోనీలే." గొంతు తగ్గించాడు. "నాకొకటే బాధరా తిరుపాలూ. నువ్వు ఈల ఊదేదాకా నిలబడింటే నా సొమ్మేం పోయింటుంది? నా తొందరతో నిన్ను కూడా ఆఫీసరు ముందర నిలబెడితిని. మనసులో పెట్టుకోవద్దప్పా."

అయ్యో దేవుడా! కళ్ళు పోగొట్టుకున్నవాడు తన్ను మన్నించమని అడుగుతున్నాడు. తిరుపాలుకు మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"అన్నా, నీకొక మాట చెప్పాల."

"చెప్పు."

తిరుపాలు వేళ్ళకంటిన పిండిని లుంగీకి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఇంగా నాలుగు గుర్తులేసేది ఉండాది. ముగించుకోని వచ్చి చెప్తా."

"రా మరి. నేను యాడికి పోతా? ఈడే ఉంటా."

నాలుగు గుర్తులకు అరగంట చాలు. తిరుపాలు మూడు గంటలు చేశాడు. అక్కర్లేని మలుపుల్లో కూడా బాణాలు వేశాడు. నీలగిరి తోపులో కూర్చుని, చెప్పాల్సిన మాటను పైకే అనుకుంటూ కూర్చాడు. మొదట అందులో మేస్త్రీని ఇరికించాడు. తర్వాత ఎండను, ఆకలిని, ఎదురు బండను చేర్చాడు. సిగ్గేసి ఒక్కొక్కటే తీసేశాడు. చివరికి "నేను తప్పు లెక్కపెడితిని" అన్నదొక్కటే మిగిలింది. అది చెప్పడానికి ఎంతసేపు పడుతుంది గనక! లేచి సైకిలెక్కాడు.

ఇంటి ముందు పదిమంది నిలబడి ఉన్నారు. జయరామప్పను చాప మీద పడుకోబెట్టి, గడ్డం కిందనుంచి తలకు గుడ్డ కట్టారు. తల దగ్గర అతని భార్య మునివెంకటమ్మ కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"గడప మీద కూర్చున్నోడు కూర్చున్నట్లే పాయెనప్పా," అంది తిరుపాలును చూసి. "అన్నానికి రమ్మంటే రాలే. తిరుపాలు ఏదో చెప్తానన్యాడు, విని వస్తా అన్యాడు. దోవలో రెండు తూర్లు సైకిల్ సప్పుడాయె. రెండు తూర్లూ నువ్వే అనుకున్యాడు. ఏం చెప్పల్లనుకుంటివి?"

ఇప్పుడైనా "ఏం లేదొదినా" అనొచ్చు. అంటే అడిగేవాడు లేడు. అలా అనడానికి నోరు తెరిచాడు కూడా. చాప మీద ఆ మొహాన్ని చూసి అనలేకపోయాడు.

"ఈల నేనే ఊదితినొదినా. ఆరు పేలితే ఏడనుకుంటిని. ఈల విన్నాకనే అన్న దిగినాడు. అన్న తప్పేం లేదు. ఆఫీసరు ముందర అబద్ధానికి తలూపితిని."

తిడుతుందనుకున్నాడు. చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేది. మునివెంకటమ్మ కొంగుతో భర్త మొహాన్ని మెల్లిగా తుడిచింది.

"పదహారేండ్లు ఈయన్ను తిడితినే," అంది. "నీ తొందరే మన కొంప తీసెనని దినామూ అంటి. ఒక్కనాడన్నా ఎదురు చెప్పలే. గడప దిగాలన్నా నన్ను అడిగేది, దిగొచ్చునా అని. నేను ఊ అంటేనే కాలు కింద పెట్టేది. పొద్దున్న ఆ ఒక్క మాటా చెప్పేసి పోకూడదా తిరుపాలూ? నాది తప్పాయె అని ఈయనకు చెప్పేదానికి నాకైనా టైం దొరికుండేది గదప్పా."

అప్పుడు ఏడ్చింది. తిరుపాలు ఆ ఏడుపు ముందు నిలబడే ఉన్నాడు.

పొద్దు వాలకముందే తీసుకుపోయారు. తిరుపాలు భుజం పట్టాడు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ పలకరించలేదు. తిరిగొచ్చాక కాళ్ళు కడుక్కోవడానికి మొదటిసారి ఆ ఇంటి వెనక్కి వెళ్ళాడు. పెరటి తలుపు స్తంభం నుంచి స్నానాల తడిక దాకా నడుమెత్తున ఒక నైలాన్ తాడు కట్టి ఉంది. అడుగుకొక ముడి ఉంది. పట్టుకుని నడిచే జయరామప్ప చెయ్యి రాసుకుని రాసుకుని ఆ ముళ్ళన్నీ నల్లగా నున్నబడ్డాయి, తాడు మాత్రం ఇంకా బిగుతుగానే ఉంది.