కొత్త కంప్యూటరుకు ఒప్పని కాపలాలు

మూడింటికి టెండరు గడువు. రెండు దాటిపోయింది. సునే చేతుల కారం వాసన ఇంకా పోలేదు, కళ్ళు మాత్రం బల్ల మీద కొత్త కంప్యూటరును చూసి భగ్గుమంటున్నాయి.

ఇక్సాన్ ఊరి బడుల్లో పిల్లల మధ్యాహ్న భోజనానికి ఈ చలికాలం కిమ్చీ, అంటే కారం పట్టించి ఊరబెట్టిన క్యాబేజీ, ఎవరు పంపాలన్నది ఆ టెండరే తేలుస్తుంది. వస్తే సునే కిమ్చీ పెట్టి అమ్మే గది నడుస్తుంది. రాకపోతే షట్టరు దించేసి, ఊరి బయట పెద్ద ఫ్యాక్టరీలో క్యాబేజీలు తరిగే కూలికి పోవాలి. ఇరవై ఏళ్ళు తన చేతి రుచితో బతికిన మనిషికి అంతకన్నా తలవంపులు ఇంకేముంటాయి?

టెండర్ల సైటు తెరవగానే మొదటి ముక్క: మీ కంప్యూటరుకు మా భద్రతా ప్రోగ్రాములు సరిపడతాయో లేదో ముందు చూసుకోండి. సరే, చూసుకుంటానంది సునే. చూడాలంటే ఇంకో ప్రోగ్రాం ఎక్కించమంది సైటు. ఎక్కించింది. ఈ ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఈ ప్రోగ్రాం నడవదు అని ఎర్రక్షరాల్లో చెప్పింది.

"పనికొస్తుందో లేదో చెప్పాల్సిందే పనికిరాకపోతే ఇంక నేనెవడ్నడగాలి, వీళ్ళ మొహాలు మండ!" అని అరిచింది సునే.

అక్కడితో ఊరుకుందా? లేదు. చూడకపోయినా పర్లేదులే అని ముందుకెళ్తే, కీబోర్డుకు ఒక కాపలా ప్రోగ్రాం కావాలంది. అది ఎక్కాక నెట్‌కు ఇంకో కాపలా. అది ఎక్కాక డిజిటల్ సంతకం సర్టిఫికెట్‌కు మరొకటి. అన్నీ ఎక్కాక కంప్యూటరు ఆపి మళ్ళీ వేయమంది. వేస్తే మొదటి కాపలా కనపడ్డం లేదంటూ మళ్ళీ మొదట్నుంచీ రమ్మంది. ఛీ ఛీ! దొంగలెవరో ఇంకా రానేలేదు గానీ, ఈ కాపలావాళ్ళే మనిషిని గుమ్మంలో నిలబెట్టి చంపుతున్నారు.

భర్త దొక్సు ఒక మూల స్టూలు మీద కూర్చుని, తల ఎత్తకుండా వెల్లుల్లి ఒలుస్తున్నాడు. ఎత్తితే ఏం జరుగుతుందో ఆయనకు తెలుసు.

"పాతది ఏదయ్యా?" అంది సునే.

"చెప్పాను కదే. పాత సామాన్ల బండి మైకులో అరుచుకుంటూ వస్తే ఇచ్చేశాను. కొత్తది వచ్చాక అదెందుకులే అని..."

"ఎందుకా! వీధిలో ఏ కొట్టయినా చూడు. దుమ్ముకొట్టుకుపోయి, ఫ్యాను గురగురలాడే పాత డొక్కు ఒకటి మూలన పెట్టుకోని వాడున్నాడా? బ్యాంకుకీ, పన్నుకీ, టెండరుకీ అదే కదా దిక్కు! దాన్ని తీసికెళ్ళి బండివాడి చేతిలో పెడతావా? నీ బుర్ర కూడా ఆ బండిలోనే వేసొచ్చావా?"

"షాపువాడు అన్నీ నడుస్తాయన్నాడే."

"వాడంటాడు! వాడి సొమ్మేం పోయింది?"

సహాయం నంబరుకు ఫోన్ చేస్తే, చాలాసేపు పాట వినిపించాక ఒక పిల్ల తేనె పూసినట్టు మాట్లాడింది. "మీ కొత్త సిస్టమ్‌కు సరిపడే వెర్షన్ తయారవుతోందండీ. వచ్చే నెలకు రావొచ్చు. ఇంట్లో పాత కంప్యూటరేదైనా ఉంటే అందులో..." సునే ఫోన్ పెట్టేసింది. ఇంకొక్క నిమిషం వింటే ఏం తిట్టేదో తనకే తెలీదు.

ఆ అరుపులకు పక్క సందులోంచి బొంగ్నిమ్ వచ్చింది. ఆమెదీ కిమ్చీ గదే. వయసులో సునే కన్నా పెద్దది, నోరూ పెద్దదే. అదే టెండరు ఆమె కూడా పొద్దున్నే వేసేసింది.

"ఏంటే, వీధంతా వినపడేట్టు మొగుణ్ణి ఉతికేస్తున్నావు?"

సంగతి విని నవ్వింది. "కొత్తదాని సోకు చూసి మోసపోయావన్నమాట. రా, నా డొక్కులో వేసుకుందువు గానీ."

"అక్కా, నువ్వూ దీనికే వేశావు కదా?"

"వేస్తే? నీ నోటి దగ్గర కూడు లాక్కుంటానా? ఎవరికి రాసిపెట్టుంటే వాళ్ళకొస్తుంది. నడువు, టైమైపోతోంది!"

సునే సర్టిఫికెట్ ఉన్న పెన్‌డ్రైవ్ పట్టుకుని పరిగెత్తింది. బొంగ్నిమ్ డొక్కు దగ్గుతూ మూలుగుతూ తెరుచుకుంది. ఒక్క కాపలా కూడా నోరెత్తలేదు. సునే ధర కొడుతుంటే బొంగ్నిమ్ మర్యాదగా గోడ వైపు తిరిగి నిలబడింది. గడువు ఇంకా ఉండగానే టెండరు చేరింది. సునే ఆమె చేతులు పట్టుకుని, "నీ రుణం తీర్చుకోలేనక్కా" అంది.

మర్నాడు పొద్దున దొక్సు ఫోన్‌లో ఫలితాలు చూసి తెల్లబోయాడు. ఇద్దరి టెండర్లూ చెల్లలేదు. ఒకే కంప్యూటరు నుంచి రెండు పడ్డాయి కాబట్టి కూడబలుక్కున్నట్టే లెక్క.

సునేకు అప్పుడు గుర్తొచ్చింది. ఏటా టెండరు పాఠాల మీటింగులో మొదట చెప్పేది అదే. తనూ బొంగ్నిమూ పక్కపక్కనే కూర్చుని, తలలూపుతూ ఆవలించారు. నిన్న ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. నోరెత్తని ఆ కాపలాలు ఏ కంప్యూటరు నుంచి ఎవరు వేశారో మాత్రం పూసగుచ్చినట్టు రాసిపెట్టాయి.

బడుల ఆఫీసుకు ఫోన్ చేసింది. అక్కడి అధికారి ఎక్కడా గొంతు పెంచలేదు. ఈ చలికాలమంతా ఇద్దరూ టెండర్లు వేయడానికి లేదన్నాడు. తర్వాత, "అయితే ఒకటండీ. బొంగ్నిమ్ గారికి తెలీకుండా మీరు ఆ కంప్యూటరు వాడి ఉంటే ఆవిడ తప్పు ఉండదు. ఆవిడ టెండరు నిలబడుతుంది" అన్నాడు.

తన పని ఎలాగూ అయిపోయింది. పిలిచి సాయం చేసిన పాపానికి ఆమె కూడా మునగాలా? సునే గుండె రాయి చేసుకుంది. "అవునండీ. ఆవిడకు తెలీదు. ఆవిడ లేనప్పుడు నేనే దూరి వాడుకున్నాను."

"మంచిదండీ, ఇద్దరి మాటా ఒకటే అయింది. ఆవిడ ఆఫీసు తెరవగానే ఫోన్ చేసి ఇదే చెప్పారు."

"ఆవిడే చెప్పిందా? ఏమని?"

"తలుపు తీసుంటే మీరు చెప్పకుండా దూరారని. పోలీసు కేసు పెట్టాలా అని కూడా అడిగారు. అక్కర్లేదని మేమే సర్దిచెప్పాం లెండి."

లైను కట్టయ్యాక కూడా సునే ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుంది. ఛీ! తను ప్రేమతో ఇద్దామనుకున్నది బొంగ్నిమ్ అప్పటికే జేబు కొట్టి పట్టుకుపోయింది. లేదు, ఆమే నన్ను పిలిచింది, పక్కనే నిలబడింది అని ఇప్పుడు మొత్తుకున్నా నమ్మేదెవరు? తన నోటితో తనే ఒప్పుకుంది కదా.

"అక్క టెండరన్నా నిలబడిందా?" అని ఆశగా అడిగాడు దొక్సు.

"నిలబడింది" అంది సునే. అని, కొత్త కంప్యూటరు తీగ గోడలోంచి ఊడబీకింది.