ఎత్తు మీద మూడో గేరు

నిదానం బోల్టును వేలితో తడిమి చూసి, స్పానరు తగిలించి ఇంకొంచెం బిగించాడు. అప్పుడే బావమరిది బిగించి పక్కకు జరిగిన బోల్టు అది. ఆ షెడ్డులో ఎప్పుడూ జరిగే తంతు ఇదే. బావమరిది బిగిస్తాడు, జరుగుతాడు. నిదానం వచ్చి మరో పట్టు పడతాడు. అవి వదులుగా ఉంటాయని కాదు, తన చెయ్యి పడకపోతే అతనికి అన్నం సయించదు.

నిదానం అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. బండి ఇచ్చినవాళ్ళు "ఎప్పటికవుతుంది మేస్త్రీ?" అని అడిగిన ప్రతిసారీ "నిదానంగా చేద్దాం" అంటూ వచ్చాడు కాబట్టి ఆ మాటే పేరై కూర్చుంది. పొట్టి మనిషి. కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి ఉంటుంది. గోళ్ళ కింద నలుపు పెళ్ళి ఫోటోలో కూడా పడింది. మీసాలు రాకముందే ఈ షెడ్డులో పనికి చేరాడు, పాత మేస్త్రి పోయాక తనే మేస్త్రి అయ్యాడు. ఇల్లు వెనక సందులోనే. ఇంతకంటే దూరం వెళ్ళాల్సిన అవసరం అతనికి ఎన్నడూ రాలేదు. వచ్చి తలుపు తట్టినా, బానెట్ కింద తల పెట్టుకుని ఉన్న మనిషికి వినబడి ఉండదు.

బావమరిదిది వేరే తీరు. అక్క పెళ్ళయిన కొత్తలో తల్లి పోతే ఆమె వెంట ఈ ఇంటికి వచ్చాడు. పని ఇక్కడే నేర్చుకున్నాడు. ఇప్పుడతని చెంపల దగ్గర జుట్టు నెరుస్తోంది. పాత కారు ఒకటి కొనుక్కుని, సెలవురోజుల్లో దాన్ని సొంతబిడ్డలా చూసుకుంటాడు. పెద్ద నగరంలో అతని స్నేహితుడొకడు కార్లకు స్పీడు పెంచే షాపు పెట్టాడు. వచ్చి తనతో కలిసి పనిచెయ్యమని ఒకటే పిలుపు. నమ్మకం కుదరడానికి ఒక పెద్ద థ్రాటిల్ బాడీ కూడా పంపాడు.

ఇంజన్‌లోకి గాలి పోయే దారికి తలుపులాంటిది థ్రాటిల్ బాడీ. యాక్సిలరేటర్ తొక్కితే లోపలి గుండ్రటి బిళ్ళ తెరుచుకుని గాలిని వదులుతుంది. స్నేహితుడు పంపినది కంపెనీదానికంటే వెడల్పు, తళతళా మెరుస్తోంది. దాన్ని చూడగానే నిదానం పెదవి విరిచాడు.

"ముక్కురంధ్రాలు పెద్దవి చేస్తే ఊపిరితిత్తులు పెరుగుతాయేంట్రా? మిగతా ఇంజనంతా కంపెనీ నుంచి దిగినట్టే ఉందిగా. అది పీల్చేది అంతే."

"పెట్టి చూద్దాం బావా. నీళ్ళ ట్యాంకు దగ్గరి ఎత్తు నా కారు మూడో గేర్లోనే ఎక్కిందనుకో, నేను వెళ్తా. ఎక్కకపోతే ఆ మాటే ఎత్తను. ఇక్కడే ఉంటా."

ఈ మాటలు నిన్న భోజనాల దగ్గర అన్నవి. అక్క వింటూనే ఉంది. అందుకే పొద్దున మొగుడికి షర్టు అందిస్తూ, "అది ఎక్కదు కదండీ?" అని అడిగింది.

"ఎక్కదు."

"గట్టిగా చెప్తున్నారా?"

"ఇంజన్లు నేను చూడనివా?" అన్నాడు. ఆమె ముఖం తేటపడింది. తమ్ముడు లేని ఇల్లు ఆమెకు ఊహకు కూడా అందదు. నిజం చెప్పాలంటే అతనికీ అందదు. కాకపోతే అలాంటివి పైకి చెప్పే అలవాటు లేదు.

కొత్త థ్రాటిల్ బాడీ బిగించడం అయ్యాక బానెట్ మూసి ఇద్దరూ కారెక్కారు. గేటు దాటి తిన్నని రోడ్డెక్కగానే బావమరిది పాదం అలా ఆనించాడో లేదో, కారు ఒక్క ఉరుకు ఉరికింది. నిదానం వీపు సీటుకు కొట్టుకుంది.

"చూశావా బావా! ఏమన్నావు, ఏమన్నావు?" బావమరిది మొహం చేటంత అయింది.

ఎత్తు ఎక్కేస్తుందేమో అనిపించింది నిదానానికి. అంతలోనే తేరుకున్నాడు. తలుపు పెద్దదైతే కాస్త తోసినా ఎక్కువ గాలి వస్తుంది, మొదట్లో హుషారుగానే ఉంటుంది. పూర్తిగా తెరిచాకే సంగతి తేలేది. ఆ మాట చెప్పబోయి, పక్కనున్న మొహం చూసి ఊరుకున్నాడు. ఎత్తే చెప్తుందిలే అనుకున్నాడు.

ఎత్తు చెప్పింది. కింద నుంచి జోరుగానే లేచిన కారు సగం దూరం వెళ్ళేసరికి బరువెక్కింది. బావమరిది యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కాడు. కొంచెం ముందుకు వంగి, స్టీరింగ్‌ను గుండెకు హత్తుకున్నంత పని చేశాడు. నిదానం కూడా తెలియకుండానే ముందుకు వంగాడు. నీళ్ళ ట్యాంకు మలుపు దగ్గర, ఎప్పుడూ మొరాయించే చోటే, ఇంజన్ వణికింది. బావమరిది రెండో గేరు వేశాడు.

పైకెళ్ళి కారు తిప్పుకున్నారు. దిగి వస్తుంటే బావమరిది, "సరే బావా. అన్న మాట అన్నట్టే. ఉంటాను," అన్నాడు. అందులో కోపం లేదు. కోపమున్నా బాగుండేదని నిదానానికి అనిపించింది.

మధ్యాహ్నం ఎవరిదో జీపు బ్రేకుల పనికి వచ్చింది. బావమరిది చక్రం విప్పాడు, బ్రేకు చెక్కలు మార్చాడు, చక్రం తిరిగి ఎక్కించి నట్లు బిగించాడు. పని శుభ్రంగా, చకచకా చేశాడు. అయ్యాక లేచి, స్పానరు వెనక్కి పట్టుకుని ఒక అడుగు పక్కకు జరిగి నిలబడ్డాడు.

నిదానం స్పానరు అందుకుని చక్రం దగ్గరకు రాబోతూ ఆగాడు. తనకంటే జానెడు పొడవున్న మనిషి, చెంపలు నెరుస్తున్న మనిషి, మాస్టారికి పలక చూపించి మార్కుల కోసం నిలబడ్డ బడిపిల్లాడిలా నిలబడి ఉన్నాడు. ఇవాళ కొత్తగా నిలబడలేదు. ఇన్నేళ్ళుగా ప్రతి నట్టు తర్వాతా అలాగే నిలబడుతున్నాడు. ఆ సంగతి ఎప్పుడూ కంటబడనందుకు నిదానానికి సిగ్గేసింది. సిగ్గు వెంటే భయం కూడా వేసింది, ఎందుకంటే ఇక అనాల్సిన మాటేమిటో తెలిసిపోయింది.

స్పానరు బల్ల మీద పెట్టేశాడు.

"నువ్వెళ్ళరా."

"ఎక్కడికి?"

"నీ ఫ్రెండు దగ్గరికి."

బావమరిది తెల్లబోయాడు. "ఎక్కలేదుగా బావా."

"ఎక్కదు. ఆ ఒక్కటీ మారిస్తే ఎలా ఎక్కుతుంది? గాలి లోపలికొచ్చే దారంతా మార్చాలి, పొగ బయటికెళ్ళే గొట్టం మార్చాలి, వాల్వుల్ని తెరిచే క్యామ్ మార్చాలి, ట్యూనింగ్ మళ్ళీ చెయ్యాలి. ఇక్కడ నేనుండగా అవన్నీ ఎవడు మార్చనిస్తాడు? అక్కడికెళ్ళి మార్చుకో."

"చెడిపోతేనో?"

"చెడిపోతే నువ్వే బాగుచేసుకుంటావు. పని రానివాడివా?"

ఆ మాట నిదానం నోటి నుంచి రావడం అదే మొదలు. బావమరిది తల పక్కకు తిప్పుకున్నాడు. చేతులు తుడుచుకునే గుడ్డతో మొహం తుడుచుకుంటే బుగ్గ మీద నల్లగా చార పడింది. నిదానం అది చూసి నవ్వాడు. నవ్వడం కాస్త కష్టమైంది.

బావమరిది ఇంటికెళ్ళి అక్కకు చెప్పి, బ్యాగు సర్దుకుని, పొద్దు వాలుతుండగా మళ్ళీ షెడ్డు ముందు కారాపాడు. దిగి బావ కాళ్ళకు వంగబోతే నిదానం భుజం పట్టుకుని లేపాడు. ఇంజన్ ఆన్‌లోనే ఉంది. ఉండాల్సినదానికంటే కొంచెం ఎక్కువ వేగంగా తిరుగుతోంది. స్క్రూ కాస్త తిప్పితే సర్దుకుంటుంది. నిదానం చేతివేళ్ళు ఒకటికి రెండుసార్లు ముడుచుకున్నాయి. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, "జాగ్రత్తగా వెళ్ళు," అన్నాడు. మలుపు తిరిగేదాకా ఆ శబ్దం వింటూ నిలబడ్డాడు. కొంత దూరం పోతే వాడికే తెలుస్తుందిలే, ఆపి సరిచేసుకుంటాడు.

కాసేపటికి భార్య వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎక్కలేదంటగా. గెలిచింది మీరేగా. మరెందుకు పంపేశారు?"

"గెలిచాననే పంపాను."

ఆమెకు ఆ జవాబు నచ్చలేదు. అతనికీ అది చాలినట్టు లేదు. "ఇంకొన్నాళ్ళు ఉంచాల్సింది," అంది. "నాకూ అలాగే ఉందే," అన్నాడు, అంతవరకు ఆమె దగ్గర కూడా అనని మాట. ఆమె కొంగుతో కళ్ళొత్తుకుని లోపలికొచ్చి, అతని పక్కనే నిలబడింది.

జీపు కింద బావమరిది వెల్లకిలా పడుకుని పనిచేసే చక్రాల పలక ఉండిపోయింది. దాని మీద తలకింద పెట్టుకునేందుకు మడిచిన పాత తువ్వాలు, నడుమ అతని తల ఆనినంత మేర ఇంకా పల్లంగానే ఉంది.