కదలకు బేటా

నవాజ్‌కు జనగామలో ఫోటో స్టూడియో ఉంది. ఇరవై ఏళ్లుగా ఆయనకు తెలిసిన విద్య ఒకటే: మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టడం, గడ్డం కాస్త ఎత్తించడం, "కదలకు" అనడం, మీట నొక్కడం. లైట్లు ఉన్నచోటే ఉంటాయి, కెమెరాలో అంకెలూ అంతే.

అలాంటి మనిషిని సకల జనుల సమ్మె రోజుల్లో కూతురు ఫిజా ఇరకాటంలో పెట్టింది.

"రేపు రైల్‌రోకోల ముందల కూసుంట అబ్బా. నినాదమిచ్చేటప్పుడు ఒక్క ఫోటో తియ్యి. స్టూలు మీద కూసున్నట్టు గాదు, నేను నా లెక్కనే ఉండాలె."

డిగ్రీ చదివే పిల్ల. స్టూడియో గోడ నిండా ఆమె చిన్ననాటి నుంచి తీసిన ఫోటోలే. ఒక్కదాంట్లోనూ పెదవి కదిలిన పాపాన పోలేదు. నోరు తెరిచి అడగక అడగక అడిగింది, ఇది కూడా తీయలేకపోతే ఎందుకొచ్చిన ఫోటోగ్రాఫర్నని నవాజ్‌కు గుబులు పట్టుకుంది. పేపరుకు ఫోటోలు తీసే బిక్షపతి దగ్గరికి పరుగెత్తాడు.

"గింతదానికి పరేషాన్ ఎందుకన్నా? అపర్చర్ ఎనిమిది మీద పెట్టు. ఫోకస్ పదడుగులకు ఖాయం చెయ్యి. మనిషి జర ముందటున్నా, జర ఎనకున్నా సాఫ్‌గనే వస్తది. ఇగ ఏదీ ముట్టకు, నొక్కుడే."

"మొఖం చూసి ఫోకస్ చెయ్యొద్దా?"

"నువ్వు చేసేలోపట మనిషి ఠాణాల ఉంటది."

ఫోకస్ రింగు తిరగకుండా బిక్షపతే టేపు చుట్టి పంపాడు. అపర్చర్‌కు మాత్రం టేపు లేదాయె. అంకె పెరిగితే వెలుగొచ్చే కంత చిన్నదవడమేమిటో నవాజ్ బుర్రకెక్కలేదు. పట్టాల పక్కన నిలబడ్డాక మబ్బు పట్టింది, నాలుగుకు దించాడు. ఎండ కాసింది, పదహారుకు ఎక్కించాడు. మళ్లీ మబ్బు. ఆ తర్వాత ఎటు తిప్పాడో ఆయనకే తెలియదు.

అంతలో పోలీసులు దిగారు. ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు ఫిజాను చెరో రెక్క పట్టుకుని లేపారు. గొంతు చించుకుని "జై తెలంగాణ" అంటూ ఆమె సరిగ్గా తండ్రి ముందుకే వచ్చింది. నవాజ్ నోట ఇరవై ఏళ్ల మాట ఊడిపడింది.

"జర ఇటు చూడు బేటా, కదలకు!"

ఫిజా నోరు టక్కున మూసుకుపోయింది. గడ్డం దానంతటదే లేచింది. పోనీ కానిస్టేబుళ్లయినా కదిలారా అంటే, వాళ్లూ ఆగిపోయారు. ఒకామె టోపీ కూడా సర్దుకుంది. నవాజేమో తీరిగ్గా తలవంచి చక్రం తిప్పుతున్నాడు. నాలుగా? ఎనిమిదా?

ఫిజాకు ఒళ్లు మండింది.

"అబ్బా! కదలకంటవేంది!" అని పిడికిలెత్తి అరిచింది.

నవాజ్ ఉలిక్కిపడి కెమెరా ఎత్తడం, వేలు మీట మీద పడడం ఒక్కసారే జరిగాయి. ఆ వెంటనే ఆమెను వ్యాను ఎక్కించేశారు.

అక్కడే పేపరుకు ఫోటోలు తీస్తున్న బిక్షపతి వచ్చి కెమెరా లాక్కుని చూశాడు. "ఎనిమిదే ఉన్నది కదనే! మస్తు వచ్చింది."

ఎనిమిదికి ఎప్పుడొచ్చిందో నవాజ్‌కు అంతుబట్టలేదు. మర్నాడు బిక్షపతి పేపర్లో 'నినదిస్తున్న విద్యార్థిని' అని ఆ ఫోటో పడింది. బజారంతా "నీ బిడ్డ పులి" అంటుంటే, ఆ కోపం తన మీదని చెప్పాలో వద్దో తేలక ఆయన అందరికీ తలూపాడు.

ముందురోజు సాయంత్రమే పోలీసులు ఇంటికి వదిలేసిన ఫిజా, పేపరును చాలాసేపు చూసింది.

"తప్పయింది బేటా. నీ నినాదం పోగొట్టిన."

"పోతే పోయింది. నీ మాట ఇనకుండ నేను దిగిన ఫోటో గిదొక్కటే అబ్బా. గోడకు పెట్టు."

నవాజ్ గోడ మధ్యలో ఉన్న స్టూలు ఫోటోను దించి, ఆ మేకు ఖాళీ చేశాడు.