పల్లీలు కలపలేదు

ఒక ఇంటికి అల్లుళ్లయిన ఇద్దరూ ఒక్క తీరుగా బతికితే ఏ గొడవా ఉండదు. ఒకడు మెట్టు ఎక్కాడంటే చాలు, రెండోవాడికి అన్నం సహించదు. బాన్సువాడలో పిండి గిర్నీ నడిపే నర్సింలుకు ఎనిమిది నెలలుగా అన్నం సహించడం లేదు.

నర్సింలు పోసవ్వకు పెద్దల్లుడు. ఏడో తరగతిలోనే బడి మానేసినవాడు. ఇరవై ఆరేళ్లుగా జనం తెచ్చిన జొన్నలు, మిరపకాయలు, పసుపుకొమ్ములు ఆడించి ఇస్తూ, కనుబొమల దాకా పిండి పట్టించుకుని బతుకుతున్నాడు. చిన్నల్లుడు బాలకృష్ణ బస్సు కండక్టరు. పోసవ్వ చేసే నువ్వుల కారానికి పిట్లం చుట్టుపక్కల ఎంత పేరంటే, పెళ్లిళ్లలో మటన్ మిగిలినా ఆమె కారం మిగిలేది కాదు. ఆ చేతి రుచి కూతుళ్లిద్దరికీ వచ్చింది. పెద్దది శ్రీలత "మనకెందుకయ్యా గీ పంచాయితీ" అని ఊరుకుంది. చిన్నది సుజన ఊరుకోలేదు. పాకెట్లు కట్టి అమ్ముదామని మొగుణ్ని కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు.

బాలకృష్ణ కామారెడ్డి పోయి, రెండు రోజుల శిక్షణలో కూర్చుని, ఒక నోటుబుక్కు నిండా రాసుకొచ్చాడు. ఒక ఆదివారం అత్తగారింట్లో అందరినీ కూర్చోబెట్టి చదివాడు.

"పాకెట్ల పెట్టి అమ్మాలంటే ఊరికె అమ్మనియ్యరు అత్తమ్మా. బరువు రాయాలె, ధర రాయాలె, ఎప్పుడు చేసినమో, ఎన్ని దినాలు తినొచ్చో రాయాలె. ఆకుపచ్చ చుక్క పెట్టాలె. లైసెన్సు నంబరు ఎయ్యాలె. ఇగ దాంట్ల ఏమేం పడ్డయో, ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలె. ముందు నువ్వులు, ఎన్కకు మిరపకాయలు, ఎల్లిగడ్డ, చింతపండు…"

"నేను చేతి కొలత తోటి ఏస్త గదరా. నా చెయ్యిని ఏడ రాస్తవ్ మరి?" అంది పోసవ్వ.

అందరూ నవ్వారు. నర్సింలు కూడా నవ్వాడు గానీ అతని మనసంతా తర్వాతి మాట మీదే ఉంది. ఎవరు తయారుచేశారో పేరు, అడ్రసు రాయాలన్నాడు బాలకృష్ణ. లైసెన్సు ఎవరి పేరున ఉంటే వాళ్ల పేరు. అంటే బాలకృష్ణ పేరు.

"మరి ఆడించెటోని పేరు?" అన్నాడు నర్సింలు, పరాచికమాడినట్టు.

"అదెవలు అడుగరన్నా" అని నవ్వాడు బాలకృష్ణ.

"అడుగకుంటె మానె."

"కని ఒకటున్నది. ఫిర్యాదు చేసెటందుకు ఫోన్ నంబరు ఉండాలె. నేను బస్సుల ఉంట, సుజన పొయ్యికాడ ఉంటది…"

పోసవ్వ వెంటనే అందుకుంది. "పెద్దల్లుని నంబరు ఎయ్యుండ్రి. ఇంటికి పెద్దోడు గద!"

"బాగున్నదత్తమ్మా. పేరు ఆయనకు, తిట్లు నాకు!"

"తిట్టేటట్టు చేస్తమా అన్నా?" అన్నాడు బాలకృష్ణ.

తిట్టేటట్టు చేయలేదు. నర్సింలుకు వచ్చిన కష్టమంతా అక్కడే ఉంది.

పాకెట్లు బాన్సువాడ నుంచి మద్నూర్ దాకా దుకాణాల్లో వేలాడాయి. ఫోన్లు మొదలయ్యాయి. ఒక్కటంటే ఒక్క ఫిర్యాదు లేదు. గిర్నీ హోరులో ఫోన్ వినపడదు కాబట్టి, జేబులో అది వణికినప్పుడల్లా నర్సింలు మోటరు ఆపి, చేతులు దులుపుకుని, బయటికొచ్చి ఎత్తాలి. ఎత్తితే ఏముంటుంది? "బాలకృష్ణ గారేనా సార్? మీ కారం ఎంత బాగుందో!"

మొదట్లో "కాదండి, నేను ఆయనకు అన్నయితా" అని చెప్పేవాడు. "అయితే ఆయనకు చెప్పండి" అని పెట్టేసేవాళ్లు. పదిసార్లు అయ్యాక చెప్పడం మానేశాడు. "ఆఁ, నేనే. చెప్పుండ్రి" అనడం మొదలుపెట్టాడు. నిజామాబాద్ నుంచి ఒకావిడ, "బాలకృష్ణ గారూ, మా అమ్మ చేతి ముద్ద యాదికొచ్చిందండీ" అని రెండుసార్లు చెప్పింది. ఆ అర నిమిషం నర్సింలుకు హాయిగా ఉంది. ఫోన్ పెట్టేశాక పొద్దూకే దాకా కడుపులో ఎండు మిరపకాయలు కాలినట్టే ఉంది. ఆడించింది తను. పిండి మింగింది తన ఊపిరితిత్తులు. పొగడ్త మాత్రం బస్సులో టికెట్లు చింపేవాడికి!

ఇంకో చిరాకు కూడా ఉంది. పల్లీలు కొందరికి పడవని, తింటే పెదవులు వాచి ఊపిరి ఆడదని, అందుకే అవి ఉంటే రాసి తీరాలని బాలకృష్ణ శిక్షణలో విన్నాడు. పోసవ్వ కారంలో పల్లీ గింజ పడదు. అందుకని పాకెట్ మీద లావుపాటి అక్షరాలతో "పల్లీలు కలపలేదు" అని వేయించాడు. వేయించి నర్సింలు దగ్గరికొచ్చాడు.

"అన్నా, నీ గిర్నీల హోటలోళ్ల పల్లీల పొడి గూడ ఆడుతది గద. మన కారం ఆడే ముందు జల్లెడ ఇప్పి, బ్రష్షు కొట్టి, రెండు కిలోల బియ్యం ఆడించి పారెయ్యాలె. బియ్యం నేనిస్త."

అది గంట పని. ఎనిమిది నెలలు నర్సింలు ఆ గంట పని పళ్లు కొరుకుతూనే చేశాడు. ఆ బియ్యప్పిండి పక్కింటి కోళ్లు తిని బలిశాయి.

డోంగ్లిలో చుట్టాల పెళ్లయింది. బంతిలో ఎవరో నువ్వుల కారం పాకెట్ విప్పి పంచుతుంటే పోసవ్వ నడిమధ్యన నిలబడి, బాలకృష్ణ భుజం తట్టి, "గీ నా చిన్నల్లుడు లేకుంటె నా పేరు నాతోనే మట్టిల కలుస్తుండె" అంది. ఎవరో నర్సింలును చూపించి, మరి ఈయనెవరని అడిగారు. "ఆయన పెద్దల్లుడు. గిర్నీ ఉన్నది" అంది పోసవ్వ. అంతే! ఇల్లుంది, గొడ్డుంది అన్నట్టు, గిర్నీ ఉంది.

మరునాడు మంగళవారం. పొద్దున్నే హోటలువాళ్ల పల్లీలు ఆడాయి. పది గంటలకు సుజన వేయించి పంపిన నువ్వులు, మిరపకాయలు వచ్చాయి. నర్సింలు బ్రష్షు చేతిలోకి తీసుకున్నాడు. జల్లెడ వైపు చూశాడు. పెళ్లి బంతి కళ్లముందు ఆడింది. 'పేరున్నోడే వచ్చి ఊడ్వనీ' అనుకుని బ్రష్షు గోడకు తగిలించి మోటరు వేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కారం ఎప్పటిలాగే ఎర్రగా, ఘుమఘుమలాడుతూ దిగింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

"బాలకృష్ణ గారా? నా పేరు వెస్లీ. మద్నూర్‌ల ఉంటం. మా ఇంటామెకు పల్లీలు పడయి అన్నా. ఒకసారి తిని దవాఖానల మూడు దినాలున్నది. అప్పటి సంది ఏ పొడి ముట్టలేదు. మీ పాకెట్ మీద పల్లీలు కలపలేదని ఉన్నది. నిజమేనా అని ఒక్కసారి అడుగుదమని చేసిన. అన్నంల ఏసుకొని కూసున్నది, నువ్వు అడిగినంకనే తింటనంటుంది."

నర్సింలు గిర్నీలో గోడకున్న బ్రష్షు వైపు చూశాడు. "ఎప్పుడు చేసిందో చూడు. తారీఖు కింద బ్యాచ్ నంబరుంటది, సదువు."

వెస్లీ చదివాడు. మంగళవారం సరుకే.

"తినొద్దు" అన్నాడు నర్సింలు. "కంచం పక్కకు పెట్టమను. చెయ్యి కడుక్కొమ్మను. దాంట్ల పల్లీలున్నయి."

అటువైపు "ప్రవళికా, ఆగు, తినకు" అన్న కేక, కంచం జరిగిన చప్పుడు వినిపించాయి. తర్వాత వెస్లీ గొంతు మారింది. "ఉన్నయా? మరి లేవని అచ్చేసిన్రేంది?"

అప్పుడు నర్సింలు నాలుక మీదికి ఒక మాట వచ్చింది. ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

"రాస్తం. అమ్ముడువోవాలె గద!"

"ఏం మనిషివయ్యా బాలకృష్ణా నువ్వు? పానాలు తీస్తవా? నిన్ను ఊకె ఇడువ, ఫుడ్ ఆఫీసుల కంప్లయింట్ ఇస్త!"

"ఇచ్చుకో" అని పెట్టేశాడు. ఆ తిట్లు, ఎనిమిది నెలల్లో మొట్టమొదటి తిట్లు, ఎంత తియ్యగా ఉన్నాయో! ఒక ఆడమనిషి ప్రాణం దక్కింది, బాలకృష్ణ పేరు పోయింది. రెండూ ఒక్క మాటతో అయ్యాయి. ఆ రాత్రి నర్సింలు రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు.

తెల్లారి బాలకృష్ణ డ్యూటీకి సెలవు పెట్టి గిర్నీకి వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది. పాకెట్ కొన్న మద్నూర్ దుకాణం మీద వెస్లీ గొడవకు పోయాడట. దుకాణందారు మోతీలాల్ ఫోన్ చేసి చెప్పాడట.

"పల్లీలున్నయని నువ్వే చెప్పినవా అన్నా?"

"అడిగిండు. నాకు డౌటచ్చింది. పానం కంటె ఎక్కువనా?"

"మంచిగ చేసినవ్. నీ కాళ్లు మొక్కాలె. కని ఏడికెల్లి వచ్చినయ్? నువ్వు గిర్నీ కడిగినవ్ గద?"

"కడిగిన" అన్నాడు నర్సింలు, అతని వైపు చూడకుండా.

"అయితె నువ్వులల్లనే వచ్చినట్టు. సుజన ఉన్న నువ్వులన్ని పారబోస్తనని ఏడుస్తుంది. సరే, ఆ బ్యాచ్ పాకెట్లు ఒక్కటి మిగలకుండ వాపస్ తెద్దం. ముందు మద్నూర్ పోదం. నువ్వు గూడ రా అన్నా, నాకు ఒక్కనికి ధైర్యం చాలుతలేదు."

నర్సింలు పోయాడు. తోడుగా పోలేదు. నడిబజారులో బాలకృష్ణ తల వంచుకుంటే చూడాలని పోయాడు.

మోతీలాల్ దుకాణం హైవే పక్కనే. వీళ్లు వస్తున్నారని తెలిసి వెస్లీ కూడా వచ్చి కూర్చున్నాడు. బాలకృష్ణ బండి దిగుతూనే రెండు చేతులూ జోడించాడు.

"తప్పయింది సార్. ఏడ జరిగిందో ఇంక తెలుస్తలేదు. తెలిసినా తెల్వకున్నా నా పేరున్నది పాకెట్ మీద. తప్పు నాదే. మీరు కంప్లయింట్ ఇస్తానన్నా నేను కాదన."

నర్సింలు ఒక పక్కకు జరిగి చూస్తున్నాడు. చెంపదెబ్బ కాకపోయినా ఒక బూతు మాటైనా పడుతుందనుకున్నాడు.

వెస్లీ లేచి బాలకృష్ణ చేతులు పట్టుకున్నాడు. "నిన్న కోపంల ఏదేదో అన్న. రాత్రంత ఆలోచన చేసిన. లేవని అచ్చేసుడు తప్పే, కని అడిగితె లేవంటె అయిపోవు గద? ఎవలు పట్టుకుంటరు? మీరు దాచలే. కంచం తీపిచ్చిన్రు, చెయ్యి కడిగిపిచ్చిన్రు. మా ప్రవళిక నిమ్మలంగ ఉన్నదంటె మీ నోటిమాట వల్లనే అన్నా."

మోతీలాల్ సగం మరాఠీలో అందుకున్నాడు. "అరె, ఖరా మాణుస్! అసలు మనిషంటె నువ్వే. ఇరవై ఏండ్ల సంది దుకాణం నడుపుతున్న. అమ్మిన మాల్ తప్పని వాపస్ తీస్కపోయెటందుకు వచ్చినోన్ని నిన్నే చూస్తున్న బాలకృష్ణా. కొత్త మాల్ రాంగనే ముందు నాకే ఎయ్యాలె."

బాలకృష్ణ ఏదో చెప్పబోయినా మోతీలాల్ చెప్పనివ్వడం లేదు. నర్సింలు చెవుల్లో గిర్నీ తిరిగింది. పొగడ్తలు పోతే పోయాయి. తిట్లు పంపితే అవి కూడా పొగడ్తలై అతని ఇంటికే చేరాయి. ఈ ఎనిమిది నెలల్లో తను చేసిన ఒక్క మంచి పని, ఆ కంచం తీయించడం, అదీ పోయి వాడి ఖాతాలోనే పడుతోంది.

"చెప్పింది నేను!" అని అరిచాడు.

ముగ్గురూ అతని వైపు తిరిగారు.

"ఫోన్ ఎత్తింది నేను. తినొద్దన్నది నేను. ఆయనకు ఎర్క గూడ లేదు."

వెస్లీ పరీక్షగా చూశాడు. "అవును, గొంతు గిదే. మరి పల్లీలున్నయని మీకెట్ల తెలిసె? ఆయనకే తెలుస్తలేదంటుండు గద."

రోడ్డు మీద మహారాష్ట్ర లారీలు వరుసగా పోతున్నాయి. అవన్నీ పోయేదాకా నర్సింలు ఆగాడు. ఇంకో లారీ వస్తుందేమోనని కూడా చూశాడు. రాలేదు.

"గిర్నీ కడగలే" అన్నాడు. "పల్లీలు ఆడినంక కడగకుండనే కారం ఆడిచ్చిన. మర్చిపోలే. తెలిసే కడగలే."

బాలకృష్ణ అతని దగ్గరికి వచ్చాడు. కొడతాడేమో అనిపించింది. కొట్టినా బాగుండేది.

"ఎందుకన్నా?"

నర్సింలు మోతీలాల్ చేతిలోని పాకెట్ వైపు చూశాడు. అతని చూపు ఎక్కడ ఆగిందో బాలకృష్ణ కూడా చూశాడు. తయారుచేసినవారు అని ఉన్న చోట.

"గింత దానికా?" అన్నాడు మెల్లగా. "అడిగితె రాపిస్తుంటి గదన్నా. అడగనైతివి."

"అడిగిన" అన్నాడు నర్సింలు. "నువ్వు నవ్వినవ్."

బాలకృష్ణ మోతీలాల్ దగ్గరున్న పాకెట్లన్నీ సంచిలో వేసుకున్నాడు. బండికి కట్టుకున్నాడు. వెస్లీతో, "ఆ నంబరు తీసేస్త సార్. ఇగ నుంచి నాదే ఉంటది. ఆడిచ్చుడు గూడ ఇంకో కాడ చూసుకుంట" అన్నాడు. బండి తీస్తూ నర్సింలు వైపు ఒకసారి చూశాడు. ఎక్కమనలేదు. అంటే ఎక్కేవాడేమో నర్సింలుకే తెలియదు.

బండి పోయాక మోతీలాల్ గల్లా వెనక్కి పోతూ, "బాన్సువాడ బస్సు నాలుగింటికి" అన్నాడు, ముఖం చూడకుండా.

వెస్లీ మాత్రం పోలేదు. జేబులోంచి ఫోన్ తీసి, నిన్న మాట్లాడిన నంబరు బయటికి తీశాడు. దానికి 'బాలకృష్ణ కారం' అని పేరు పెట్టుకున్నట్టున్నాడు.

"మీ పేరేంది?" అని అడిగాడు.

"నర్సింలు."

వెస్లీ ఉన్నది చెరిపేసి ఒక్కొక్క అక్షరమే కొట్టుకున్నాడు. అది మేలు చేసినవాడని రాసుకోవడమో, కంప్లయింటు కాగితం కోసమో అతని ముఖం చూస్తే తెలియలేదు.

"ఇంటిపేరు గూడ చెప్పుండ్రి" అన్నాడు వెస్లీ.

నర్సింలు చెప్పాడు.