రిలీవర్ వచ్చేదాకా

మైదానంలో ఉండాల్సింది పదకొండు మంది. అంపైర్ లెక్కపెడితే పన్నెండు మంది తేలారు. ఆ పన్నెండో మనిషి తనుశ్రీ. శైలజకు బదులుగా ఆడాల్సిన పిల్ల నేరుగా లోపలికొచ్చి, శైలజ చెయ్యి తాకి, "ఎల్లక్కా, నానొచ్చీసినాను" అంది. అప్పుడుగానీ శైలజ అక్కణ్నుంచి కదల్లేదు. హాకీ నిబంధన దీనికి సరిగ్గా తలకిందులు. ఆడే మనిషి గీత దాటి బయటికొచ్చాకే బదులు మనిషి లోపల అడుగుపెట్టాలి. శైలజ కెప్టెన్ కాబట్టి పసుపు కార్డు ఆమెకే పడింది. ఆమె బయట కూర్చున్న అయిదు నిమిషాల్లో అవతలివాళ్లు రెండు గోల్స్ కొట్టి, మూడో దానికి దారి వెతుక్కుంటున్నారు. ఈ సీజన్లో శైలజ వాళ్ల ఖర్కాయి క్లబ్బుకి ఓటమి కొత్త కాదుగానీ, ఇంత నవ్వులపాలైన ఓటమి మాత్రం ఇదే మొదలు.

చూసినవాళ్లు పడీపడీ నవ్వారు. నవ్వరా మరి! కానీ ఆ నవ్విన వాళ్లలో ఒక్కరైనా ఎప్పుడైనా షిఫ్టు చేశారో లేదో నాకు అనుమానమే. ఈ జట్టులో పిల్లలు సగంమంది ఆదిత్యపూర్ చిన్న ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, తక్కిన సగం కాంట్రాక్టు కూలీల కూతుళ్లు. వీళ్లు ఉగ్గుపాలతో నేర్చుకున్న న్యాయం ఒకటుంది: రిలీవర్ రాకుండా జాగా వదలకూడదు. సైరన్ మోగనీ, కడుపు మాడనీ, తరవాతి షిఫ్టు మనిషి వచ్చి పక్కన నిలబడేదాకా మిషన్ నీదే. శైలజ తండ్రి సూర్యం ఒక వానాకాలం రిలీవర్ రాక వరసగా రెండు షిఫ్టులు నిలబడ్డాడు. సీతారాండేరా బస్తీలో వాళ్లింట్లో ఆ కథను ఇప్పటికీ యుద్ధం గెలిచొచ్చినట్టు చెప్పుకుంటారు. శైలజకూ డ్రిల్లింగ్ మిషన్ దగ్గర అదే అలవాటు, మైదానంలోనూ అదే అలవాటు.

కోచ్ పోలరాజు ఈ ఏడే విశాఖపట్నం నుంచి వచ్చాడు. వస్తూ వస్తూ ఒక పద్ధతిని వెంట తెచ్చుకున్నాడు. బంతి ఎక్కడుంటే జట్టంతా అక్కడికి ఉరకాలి, వల విసిరినట్టు చుట్టుముట్టాలి. అబద్ధమెందుకు, మంచి పద్ధతే. దాంతో అతను వేరేచోట కప్పులు గెలిచాడు కూడా. అయితే దానికి పదకొండు మందీ రోజూ కలిసి సాధన చెయ్యాలి. ఇక్కడ పొద్దున పెడితే ఎ షిఫ్టు వాళ్లు రాలేరు, సాయంత్రం పెడితే బి షిఫ్టు వాళ్లు రాలేరు. ఇక మ్యాచ్‌లో ముందువరస ఉరికేది, వెనకవరస అలవాటు కొద్దీ ఉన్నచోటే ఉండిపోయేది. మధ్యలో పడ్డ ఖాళీలో పశువుల్ని మేపుకోవచ్చు. అవతలి జట్లు నిక్షేపంగా మేపుకున్నాయి.

ఆ సాయంత్రం పోలరాజు జట్టునంతా కూర్చోబెట్టి సంగతి తేల్చి చెప్పాడు. మిగిలింది ధన్‌బాద్ వాళ్లతో ఆఖరి మ్యాచ్. కనీసం డ్రా చేసుకుంటే మొదటి డివిజన్‌లో ఉంటారు. ఓడితే రెండో డివిజన్‌కి జారిపోతారు, అప్పుడు క్లబ్బువాళ్లు ఆడపిల్లల జట్టునే ఎత్తేస్తారు. అందుకని మైదానం నడుమ కాసే సెంటర్ హాఫ్‌గా శైలజ బదులు బిందుప్రియను ఆడిస్తానన్నాడు. పర్సుడీహ్ పిల్ల, కొత్తగా వచ్చింది, కాళ్లకు చక్రాలున్నట్టు పరుగెడుతుంది.

శైలజకు తల తీసేసినట్టయింది. పదేళ్లుగా ఆ జాగా ఆమెది.

"ఏటి సార్, నన్ను తీసేత్తన్నారా?"

"నా పద్ధతికి పరిగెత్తే మనిషి కావాలి శైలజా. నువ్వు నిలబడే మనిషివి."

"అవును, నాను నిలబడే మనిసినే. మా టీమంతా నిలబడే టీమే. చెప్పు కరుత్తందని కాలు కోసుకుంటామా సార్? చెప్పు మార్చాల."

"ఆడలేక మద్దెల ఓడు అన్నారట, అలా ఉంది."

ఆ మాటతో శైలజకు ఒళ్లు మండిపోయింది. అందరి ముందూ స్టిక్ తీసి అతని ముందు అడ్డంగా పట్టుకుంది.

"ఒక్క మేచ్ మా లెక్కన ఆడనియ్యండి. ఓడితే ఈ స్టిక్ మీ చేతుల్లో ఎట్టి ఎల్లిపోతాను. మళ్లీ ఈ గ్రౌండు మొగం చూడను."

పోలరాజు చెడ్డవాడు కాదు. ఓడీ ఓడీ అతనికీ నిద్ర కరువైంది. గడ్డం గోక్కుని, "సరే. కానీ ఆటగాళ్ల బదిలీలు మాత్రం నా లెక్కన. బంతి అవతలి గోల్ పక్కనుంచి బయటికి పోతే వాళ్లు మళ్లీ ఆట మొదలుపెట్టడానికి కాస్త సమయం పడుతుంది. మారడమంటూ జరిగితే అప్పుడే. నీ రిలీవర్ బిందుప్రియే. నీ జాగా ఎలా కాయాలో ఆ పిల్లకి నువ్వే నేర్పు" అన్నాడు.

తన కంచం లాక్కునే పిల్లకు తనే అన్నం కలిపి పెట్టాలన్నమాట. శైలజ పళ్లు నూరుకుంది, కానీ నేర్పింది. పొద్దున వచ్చినవాళ్లకు పొద్దున, సాయంత్రం వచ్చినవాళ్లకు సాయంత్రం. ఎవరి జాగా వాళ్లది. బంతి నీ జాగాలోకి వస్తే తీసుకో, పక్క జాగా మనిషికి అప్పజెప్పు, ఆ మనిషి అందుకునేదాకా కదలకు. దీనికి పదకొండు మందీ ఒకేసారి ఉండక్కర్లేదు, పక్కపక్క జాగాల వాళ్లు ఇద్దరు ముగ్గురుంటే చాలు.

బిందుప్రియకు మాత్రం కాలు నిలిచేది కాదు. "దీదీ, ఖడే ఖడే క్యా ఖేలూఁ?" అని, నిలబడి ఏం ఆడాలంటూ హిందీలో విసుక్కునేది.

"నిలబడ్డమే ఆట గుంటా. బంతి ఎనకాల నువ్వెల్లకు. అదే నీకోసం వత్తాది."

ఇంట్లో పందెం సంగతి విని సూర్యం అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు.

"స్టిక్ ఇచ్చీసి ఎల్లిపోతానన్నావా? ఎవులైనా జాగాని పందెం కాత్తారేటమ్మా? జాగా అప్పజెప్పీదే గానీ ఓడిపోయీది కాదు."

శైలజ నోరు జారింది, ఇక ఓడకుండా ఆడడమే మిగిలింది.

ధన్‌బాద్ పిల్లలు మొదటి నిమిషం నుంచే విరుచుకుపడ్డారు. ఇదివరకటి ఖాళీ కోసం వెతికారు, దొరకలేదు. ఎటు కొట్టినా అక్కడొక మనిషి పాతుకుపోయి ఉంది. నడుమ శైలజ. మూడు వంతుల ఆట గోల్ లేకుండా గడిచిపోయింది, గట్టు మీద నవ్వడానికి వచ్చినవాళ్లకు నవ్వు రాలేదు. చివరి వంతులో ఒక దెబ్బకు బంతి నేలకు కాస్త ఎత్తుగా దూసుకొచ్చి నేరుగా శైలజ చీలమండను కొట్టింది. కళ్లు బైర్లు కమ్మాయి. అయినా కుంటుతూనే లేచి నిలబడింది.

"శైలజా, బయటికి రా!" పోలరాజు గీత దగ్గర్నుంచి అరిచాడు. పక్కన బిందుప్రియ సిద్ధంగా ఉంది.

"రాను!"

"కాలు విరుగుతుంది, రా అంటుంటే!"

"ఇప్పుడొత్తే నడుమ కాళీ అయిపోద్ది సార్! బంతి అవతలికి పోతేనే మారాలని మీరే కదా చెప్పినారు!"

పోలరాజు బిందుప్రియను గీత దగ్గరే ఆపాడు. తన మాటే తనకు తగిలింది. శైలజ ఒంటికాలి మీద రెండు దాడులు ఆపింది. చివరికి తనుశ్రీ కొట్టిన బంతి అవతలి గోల్ పక్కనుంచి బయటికి పోయింది. అప్పుడు కదిలింది శైలజ. ఆ గీత దాకా నడవడం ఆమెకు ఖరగ్‌పూర్ దాకా నడిచినంత పనైంది. దాటుతూ బిందుప్రియ భుజం గట్టిగా పట్టుకుంది.

"నా జాగాలోనే ఉండు. ఆకాశం ఇరిగి పడినా కదలకు. నానొచ్చీదాకా."

ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసి తలూపి లోపలికి ఉరికింది.

బయట కూర్చుని చూడటం ఎంత నరకమో శైలజకు అప్పుడు తెలిసింది. ధన్‌బాద్ వాళ్లు కుడివైపు గుంపుగా చేరి బంతిని ఆడిస్తున్నారు, కావాలనే ఊరిస్తున్నారు. బిందుప్రియ కాళ్లు దురదపెట్టాయి. ఒక అడుగు అటు వేసింది. "ఒద్దే!" శైలజ గొంతు చించుకుంది. ఆ పిల్ల వేసిన అడుగు వెనక్కి తీసుకుంది. మరుక్షణమే వాళ్లు బంతిని నడుమకు బాదారు. ఎవరూ ఉండరనుకుని బాదారు. అది వచ్చి బిందుప్రియ స్టిక్‌కి టక్కున తగిలి ఆగింది.

హూటర్ మోగింది. ఎవరికీ గోల్ లేదు. ఖర్కాయి జట్టు నిలిచింది.

పిల్లలంతా కేకలు పెడుతూ గోల్‌కీపర్ మీద పడ్డారు. శైలజ చేతిలోని స్టిక్‌ను పోలరాజు కేసి చాపింది.

"తీసుకుంటారేటి?"

"ఎగతాళి చాల్లే. వచ్చే ఏడు కూడా ఈ పద్ధతే ఆడదాం. కాకపోతే నీ కాలు ఎలా ఉంటుందో ఏమో, ఆ జాగా..."

"ఆ జాగా ఏదో ఒకనాటికి ఈ గుంటదే సార్. కానీ మీరు తీసేత్తే పోయీది కాదు అది. నాను అప్పజెప్తేనే పోయీది."

అతని చూపు మైదానంలోకి పోయింది. శైలజ కూడా అటు చూసింది. అందరూ గంతులేస్తున్నారు. బిందుప్రియ ఒక్కతే నట్టనడుమ, స్టిక్ నేలకు ఆనించి, ఉన్నచోటే నిలబడి ఉంది.

"అయిపోనాదే గుంటా! బయటికి రా!"

ఆ పిల్ల అడ్డంగా తలూపింది. "ఆప్‌నే హీ తో బోలా థా దీదీ! ఆప్ ఆయేంగీ, తబ్ హటూంగీ!"

చెప్పింది శైలజేనట, శైలజ వస్తేనే కదులుతుందట. శైలజకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కాలికి ముందు ఐసు పెట్టించుకోమని పోలరాజు వెనకనుంచి అరుస్తున్నాడు.

"ఐసు తరవాత సార్. ముందు రిలీవ్ చెయ్యాల."

కుంటుకుంటూ మైదానం నడిమికి పోయింది. బిందుప్రియ పక్కన నిలబడి, ఆ పిల్ల చెయ్యి తాకింది.

"ఒచ్చీసినాను. ఇంకెల్లు."

అప్పుడు కదిలింది బిందుప్రియ.